కెప్టెనక్క గొంతు

వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. పాలవాడి దగ్గర్నుంచి ఆడపడుచు దాకా అందరికీ ఆమె కెప్టెనక్కే. టీవీలో వచ్చే బొమ్మల సీరియల్‌లో పడవ నడిపే కెప్టెన్‌కి గొంతు ఆమెది. ఆ కెప్టెన్ నల్లగా, బొద్దుగా ఉండేది. నోరు తెరిచిందంటే తుఫాను తోక ముడవాల్సిందే. ఈమెదీ ఆ రంగే, ఆ ఒళ్లే. చిన్నప్పటి నుంచి "బొగ్గుముక్క" అనిపించుకున్న మనిషి, ఆ బొమ్మకు గొంతు ఇచ్చాకే అద్దం ముందు నింపాదిగా నిలబడటం నేర్చుకుంది.

సీరియల్‌కు పేరొచ్చింది. పేరుతోపాటు కెప్టెన్ నడుమూ సన్నబడసాగింది. ఏ కొత్త సబ్బు రుద్దారో, రంగు కూడా తేటపడింది. ఒకరోజు డబ్బింగ్ గదిలో చూస్తే, తెర మీద కెప్టెన్ జలపాతం కింద స్నానం చేస్తోంది. కథకూ ఆ స్నానానికీ ఏ చుట్టరికమూ లేదు.

"ఇక్కడ మాటల్లేవక్కా, ఊరికే ఊపిర్లు. కాస్త మత్తుగా," అన్నాడు అద్దానికి అవతల కూర్చున్న డైరెక్టరు.

"చలికి వణికితే సరిపోదా?"

"అభిమానులు అడుగుతున్నారు. వాళ్ల ఉప్పు తింటున్నాం కదా."

"నన్ను వెతుక్కుంటూ వచ్చే ఆడపిల్లలూ అభిమానులేగా. వాళ్లెవరూ అడగలేదే?"

"వాళ్లు ఎలాగూ చూస్తారక్కా."

ఆమె హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టి, ఇంటికి వచ్చేసింది. సంగతి విని అత్తగారు, "మంచి పని చేశావ్," అంది. ఆ రోజు కెప్టెనక్క గుండెల మీంచి బరువు దించుకున్నట్టు నిద్రపోయింది.

ఆ భాగం ప్రసారమైనప్పుడు ఇంటిల్లిపాదీ టీవీ ముందే ఉన్నారు. జలపాతం వచ్చింది. ఊపిర్లూ వచ్చాయి.

అత్తగారు గిరుక్కున తిరిగింది. "చేయనన్నావు కదే?"

"చేయలేదత్తయ్యా."

"మరి ఈ గొంతెవరిది?"

"నాదే."

కెప్టెనక్క వాటిని గుర్తుపట్టింది. మొదట్లో తుఫాను ఘట్టం కోసం స్టూడియో మెట్లెక్కి దిగి, నిజంగా ఆయాసం తెచ్చుకుని ఇచ్చిన ఊపిర్లవి. తెరచాప తాళ్లు లాగుతూ ప్రాణాలకు తెగించిన ఆడదాని రొప్పును కోసి, తెచ్చి, ఇక్కడ అతికించారు. భర్త లేచి టీవీ కట్టేశాడు. ఆడపడుచు కూతురు మాత్రం, "అత్తా, కెప్టెన్ ఎందుకు తెల్లబడింది?" అని తన మోచేతిని చూసుకుంది.

మర్నాడు వెళ్లి నిలదీస్తే డైరెక్టరు నొచ్చుకున్నట్టే మాట్లాడాడు. "ఒప్పందం ప్రకారం రికార్డు చేసిందంతా సంస్థదే కదక్కా. నువ్వు మానేసినా, ఉన్న ముక్కలతో చాలాకాలం లాగించేస్తారు. నువ్వుంటే మాటలైనా నీ నోట వస్తాయి."

మానేస్తే గొంతు వాళ్ల చేతుల్లో ఒంటరిదైపోతుంది. ఉంటే వాళ్లకి ఇంకిన్ని ముక్కలు దొరుకుతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. బయటి చప్పుడు లోపలికి రానివ్వని దూదితలుపు మూసుకుంది.

మలుపులో నిలబడే కుర్రకారు ఇప్పుడామె వెళ్తుంటే ఆ ఊపిర్లే అనుకరించి నవ్వుతారు. కొట్లో సరుకులు వేలితో చూపించి తెచ్చుకుంటోంది.

"ఏమ్మా, గొంతు బొంగురుపోయిందా?" అని కొట్టాయన అడిగితే, అవునన్నట్టు తల ఊపుతుంది.