ఇంపాలా ఆగని దసరా

పోయిన దసరా నాడు న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్ శివార్లలో, మా ఇంటి ముందరి ఖాళీ రోడ్డు మీద జరిగిన సంఘటన తలచుకుంటే నాకు నేటికీ ఒళ్లు మండుతుంది.

నాది పాత ముస్టాంగ్ కారు, బావమరిది మురళిది అదే కాలపు ఇంపాలా. రెండింటి మైలేజీ, ఆయిలు మార్చిన తేదీలు, రిపేర్లు రెండేళ్లుగా డైరీలో నమోదు చేస్తున్నాను. బ్రేకు వేశాక ఎంత దూరంలో ఆగుతాయన్నదే మిగిలింది. వాహనపూజ కోసం మురళి చక్రాలన్నీ పైపుతో కడిగి, బొట్లు పెట్టి, వెంటనే పరీక్షకు సిద్ధమయ్యాడు. అతని పక్కసీట్లో పన్నెండేళ్ల మా అమ్మాయి కూర్చుంది.

"నీది డ్రమ్ బ్రేకుల బండి మురళీ, లోపల నీళ్లు చేరితే బ్రేకు పట్టదు. తడి ఆరేదాకా బ్రేకు కొంచెం కొంచెం నొక్కుతూ నెమ్మదిగా డ్రైవ్ చెయ్యి," అన్నాను.

"నీ డైరీ మూసెయ్ బావా. తడిస్తే జలుబు చేయడానికి ఇదేం నీ ముస్టాంగ్ కాదు," అన్నాడు.

బండి ఆగాల్సిన చోట నేను రోడ్డు మీద గీసిన సుద్దగీత దాటినా ఇంపాలా ఆగలేదు. రోడ్డు చివరి కంచెను పడగొట్టి గొర్రెల పొలంలోకి దూసుకెళ్లింది. పరుగెత్తి తలుపు తీశాను.

"మావయ్య బ్రేక్ తొక్కుతూనే ఉన్నాడు నాన్నా," అంది అమ్మాయి.

మురళి అప్పటికే దిగి బంపరు తడుముతున్నాడు. "చూశావా బావా, సొట్ట కూడా పడలేదు," అన్నాడు.

ఆ మాటను నేను క్షమించలేదు. తడి సంగతి తెలిసి కూడా, ఆ ఒక్క కొలత కోసం ఆత్రపడి, బిడ్డను కారు దింపని నన్ను నేను అస్సలు క్షమించుకోలేదు.