పూల్ అడుగున అమ్మమ్మ గ్లాసు

నాచారంలో మేము స్కూబా నేర్చుకున్న స్విమ్మింగ్ పూల్ అడుగున ఎనిమిది స్టీలు గ్లాసులు బోర్లించి ఉండేవి. నేర్పే అన్న వాటిని పగడాల దిబ్బ అనేవాడు. ఎవరి గ్లాసు వాళ్లే ఇంటి నుంచి తెచ్చుకోవాలి. వాటికి జానెడు ఎత్తులో, ఒక్కటీ పడకుండా పది నిమిషాలు నీళ్లలో తేలాలి. చివరి పరీక్షలో గ్లాసు పడిందంటే శనివారం వైజాగ్ సముద్రం లేనట్టే.

ఉప్పల్‌లో మా వంటింట్లో చేతికి దొరికిన గ్లాసు పట్టుకెళ్లాను. దాని మీద మా అమ్మమ్మ పేరు చెక్కి ఉంది. మొదటి రోజే పడింది.

నేను పైకి తేలగానే అన్న అందుకున్నాడు. "ఏం చెల్లె, మీ అమ్మమ్మను తన్నినవ్ గదా!"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "నేను తన్నలే అన్నా! నా కాలు తగలనే లేదు. నీళ్లు కదిలి పడ్డది!"

"నీళ్లను కదిపిందెవరు, నేనా? సముద్రంల గిట్లనే ఇసుక లేస్తది. పోయి పగడాల మీద పడ్తది. గవిట్ల పానముంటది, ఇసుక కప్పితే సస్తయ్. ముట్టకుంటే సాలదు, జర నిమ్మళంగుండాలె."

నాకు ఇంకా మండింది. కోపంలో ఊపిరి ఎగబీలిస్తే పైకి లేచేదాన్ని, విసురుగా వదిలితే కిందికి దిగేదాన్ని. ఆ వారమంతా అమ్మమ్మ పడుతూనే ఉంది. నేనేమో 'శనివారం సముద్రంలో' అని స్టేటస్ పెట్టేశాను. దమ్మాయిగూడలో ఉండే మా బావ రోజూ ఒకటే మెసేజ్: "ఇయ్యాల గూడ పడ్డదా?"

పరీక్ష రోజు ఫోన్ తేవద్దన్నాడు అన్న. వీడియో లేకపోతే ఎవరు నమ్ముతారు? ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మణికట్టుకు కట్టి, ఒంటికి అతుక్కుండే వెట్‌సూట్ చేతి కింద దాచాను. ఎనిమిదో నిమిషంలో మెల్లగా తీశాను. తాడు జారింది. గాలి నిండిన కవరు నా ముక్కు ముందు నుంచే పైకి పోతోంది. అందుకోవాలంటే ఒక్క తన్ను చాలు. కానీ కింద అమ్మమ్మ ఉంది.

నోట్లో గాలి గొట్టం ఉండగా తిట్టడం కుదరదు. ఆ తిట్లన్నీ సన్నటి బుడగలుగా వదిలాను. మళ్లీ మెల్లగా పీల్చాను. కాళ్లు కదపలేదు.

పది నిమిషాలు పూర్తయి పైకి వచ్చేసరికి ఫోన్ అన్న చేతిలో ఉంది.

"గిది ఎవరిది?"

"నాదే అన్నా."

"పైనుంచి సూస్తనే ఉన్న. ఇప్పుడు తన్నుతది, ఇప్పుడు తన్నుతది అనుకున్న. తన్నలే. శనివారం రా. గిది మాత్రం ఒడ్డు మీదనే ఉంటది."

శనివారం, వైజాగ్ సముద్రంలో ఒక బండకు జానెడు ఎత్తున ఆగాను. ఇసుక లేవలేదు. కాసేపటికి బండ సందులోంచి చిన్న పసుపు చేప తల బయటపెట్టి, నా మాస్కులోకి చూసి, తన పనిలో తాను పడింది. ఫోన్ కోసం నా చేయి మణికట్టు తడుముకుంది.

పక్కనుంచి అన్న, నీళ్లలో రాసే పలకను నా ముఖం ముందు పెట్టాడు: "అమ్మమ్మ పడలే."

నవ్వాను. బుగ్గలు లేచి మాస్కులోకి నీళ్లొచ్చాయి.