మూడో భాగం వచ్చేదాకా

లసుమవ్వ ఆర్మూర్‌లో బీడీలు చుట్టేది. వాడకట్టు ఆడవాళ్ళంతా తమ బీడీల చాటలు పట్టుకొచ్చి ఆమె అరుగు మీదే కూర్చునేవారు. సినిమా కథ ఆమెలా చెప్పేవాళ్ళు లేరు. రాకుమారుడు గుర్రమెక్కాడంటే ఆమె రెండు చేతులూ కళ్ళెం పట్టేవి. మరి బీడీలెవరు చుట్టాలి? అందుకని వినేవాళ్ళు తాము చుట్టినవాటిలోంచి తలా ఒక కట్ట ఆమె చాటలో వేసేవారు.

ఎనభై ఆరులో వాళ్ళు చూసిన జానపద సినిమా రెండో భాగం చివర, రాకుమారుడు రాక్షసుడి కోట గుమ్మంలో రాయైపోయాడు. మూడోదే ఆఖరిదన్నారు. అది రెండేళ్ళు రాలేదు. ఆ రెండేళ్ళూ లసుమవ్వ అతన్ని రోజుకో తీరుగా లేపింది. ఒకనాడు పాము ఊదితే లేచాడు, ఒకనాడు గుర్రమే వెతుక్కుంటూ వచ్చి నాకింది.

చివరికి, రైతులు పసుపు అమ్ముకునే రోజుల్లో, టాకీసుకు మూడో భాగం వచ్చింది. అందరూ కలిసి మ్యాట్నీకి పోయారు. తెర మీద ఒక ముని నీళ్ళు చల్లాడు, రాకుమారుడు లేచాడు.

"గీ మాత్రానికేనా రెండేండ్లు ఎదురుచూసినం?" అంది బయటికొస్తూ పక్కింటి భాగ్యవ్వ.

తెల్లారి లసుమవ్వ బీడీ ఆకు కత్తిరించుకుంటోంది. కథ అందరూ చూసేశారు, ఇక కట్టలెవరు వేస్తారు?

భాగ్యవ్వ ఒక కట్ట ఆమె చాటలో పడేసింది.

"గా ముని సంగతి ఇడిసిపెట్టు, లసుమక్కా. గుర్రమొచ్చి నాకినంక ఏమైంది?"

లసుమవ్వ కత్తెర పక్కన పెట్టి, కళ్ళెం పట్టింది.