గోంగూరకు నేను రాసిన శాస్త్రీయ నామం

ఫారంలో ఖాళీ గడి కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. ఇప్పటికీ అంతే, ఆ రోజుల్లో మరీను. 2006లో నేను దుబాయ్‌లో కూరగాయలు దిగుమతి చేసే ఒక చిన్న కంపెనీలో కాగితాల పని చేసేదాన్ని. అల్ వర్సాన్‌లో గోడౌన్, దాని మూల అద్దాల గది, అందులో నేను, నాతో పోటీపడి చప్పుడు చేసే ఒక ప్రింటర్. హైదరాబాద్ నుంచి విమానంలో దిగిన ఆకుకూరల్లో సగం ఇక్కడి దుకాణాలకు పోయేవి. మిగతా సగం మళ్ళీ విమానమెక్కి బహ్రెయిన్ వెళ్ళేవి. అక్కడి లేబర్ క్యాంపుల నిండా కూడా మనవాళ్ళే. గోంగూర పప్పు లేకపోతే వాళ్ళకు శుక్రవారం సెలవు సెలవులా ఉండదు.

బహ్రెయిన్ దీవి. దీవుల వాళ్ళకు పురుగు భయం ఎక్కువ, ఒకసారి వచ్చిందంటే పొమ్మన్నా పోదని. ఈ సంగతి నాకు చెప్పింది నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న శ్రీలంక పెద్దాయన. ఆయన అంతకు ముందు కొలంబో నుంచి మాల్దీవులకు కూరగాయలు పంపే చోట పనిచేశాడట. వెళ్ళిపోతూ తన పాత ఫైలు నాకు వదిలాడు. ఒక దీవి నుంచి పక్క దీవికి ఆకు కదలాలంటే ఏమేం కావాలో అందులో వరసగా ఉంది. మట్టి అంటకూడదు, వేరు ఉండకూడదు, గడ్డి చుట్టి పంపకూడదు. మొక్క శాస్త్రీయ నామం పూర్తిగా రాయాలి. ఈ చివరి మాట కింద ఎర్ర సిరాతో రెండు గీతలు.

మా కంపెనీలో ఆ గడిలో అందరూ 'ఆకుకూరలు' అని కొట్టేసి చేతులు దులుపుకునేవారు. ఒకసారి బహ్రెయిన్ నుంచి సరుకు తిరిగొచ్చింది, పేర్లు లేవని. ఇంకేం, నాకు పూనకం వచ్చింది. ఇంటర్నెట్ ముందు కూర్చుని మెంతికీ తోటకూరకూ బచ్చలికీ లాటిన్ పేర్లు వెతికాను. గోంగూర దగ్గర రెండు పేర్లు కనిపించాయి. మా గుంటూరు గోంగూర ఇదేనని నాకు నేనే తీర్పు చెప్పుకుని రెండోది ఎంచుకున్నాను. హైబిస్కస్ కన్నాబినస్. ఆ మాట టైపు చేసి ఎంత మురిసిపోయానో చెప్పడానికి సిగ్గేస్తోంది. గంజాయిని లాటిన్‌లో కన్నాబిస్ అంటారని కూడా చూసి ఉంటే బాగుండేది.

ఆ కాగితం పట్టుకుని మంగళవారం ఎయిర్ కార్గోకు వెళ్ళాల్సింది మా వ్యాన్ డ్రైవరు. జగిత్యాల వైపు మనిషి. పదకొండేళ్ళుగా సోనాపూర్ లేబర్ క్యాంపులో గది, మా వ్యాను. గురువారం మధ్యాహ్నం విమానానికి దుబాయ్‌కి శాశ్వతంగా దణ్ణం పెట్టి వెళ్ళిపోతున్నాడు. తొమ్మిదేళ్ళ కూతురితో ఆయన గడిపింది రెండంటే రెండు సెలవులు. శుక్రవారం పొద్దున నిన్ను బడికి నేనే దింపుతానని ఆ పిల్లకు ఫోన్లో మాటిచ్చాడు. ఆ వారమంతా కనబడ్డ వాళ్ళందరికీ ఆ మాటే చెప్పాడు.

"మేడం, ఇయ్యాల నన్ను ఇడిసిపెట్టున్రి. సామాను సదురుకునేదున్నది" అన్నాడు.

"నువ్వు కాకపోతే ఎవరు పోతారన్నా? అక్కడ ఆకు వాడిపోతోంది. కాగితం సరిగ్గానే ఉంది, నాకు తెలుసు. ఒక్క ట్రిప్పు, యల్లా" అన్నాను. ఆ యల్లాలో, పద పద అనడంలో, ఎంత విసురుందో నాకు తెలుసు. ఆయన కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళాడు.

మూడింటికి ఫోన్ వచ్చింది. తనిఖీలో పెట్టె తెరిస్తే అయిదు వేళ్ళలా చీలిన ఆకు. కాగితం మీద గోంగూర, పక్కన కన్నాబినస్. ఆకునూ ఆ పేరునూ కలిపి చూసి గంజాయనుకుని డ్రైవర్‌ను ఆపేశారు.

ఇక నాకు కాళ్ళు నిలవలేదు. గదిలోంచి గోడౌన్లోకి, గోడౌన్లోంచి గదిలోకి తిరిగాను. మా మేనేజరు దగ్గరకు, అక్కడి మాటలో ముదీర్ దగ్గరకు, పరుగెత్తాను. ఆయన విజయవాడ మనిషి, నెమ్మదస్తుడు.

"చూడమ్మా, నువ్వు వెళ్ళొద్దు. ఇది డ్రగ్స్ వ్యవహారం. మీ ఆయన వీసా మీద ఉన్నావు, రేపు ఆయనకి కూడా చుట్టుకుంటుంది. బయట ఫారాలు కొట్టే టైపింగ్ సెంటర్ వాళ్ళ తప్పని నేను చెబుతాలే. ఖలాస్, ఇంటికెళ్ళు."

వెళ్ళాను. అదే నా సిగ్గు. మా ఇల్లున్న అజ్మాన్ వరకూ బస్సులో కూర్చోలేక నిలబడ్డాను. షార్జా ట్రాఫిక్‌లో బస్సు కదలకపోతే కండక్టరు లేని ఆ బస్సులో ఎవరిని తిట్టాలో తెలియక నన్ను నేనే తిట్టుకున్నాను. ఇంట్లో అన్నం వండాను, తినకుండా పళ్ళెం పక్కన పెట్టాను. మా ఆయన అడిగితే తలనొప్పన్నాను. ఇంట్లో కూడా నిజం చెప్పలేనంత భయపడ్డాను.

బుధవారం పొద్దున ముదీర్‌కి చెప్పకుండా టాక్సీ ఎక్కి నేరుగా ఎయిర్ కార్గోకు పోయాను. అధికారి మర్యాదగానే కూర్చోమన్నాడు. కూర్చోలేకపోయాను. "ఆ పేరు రాసింది నేను. డ్రైవర్‌కి ఏమీ తెలియదు. అది గోంగూర, మేం తినే ఆకుకూర" అని గబగబా ఇంగ్లీషులో వల్లించేశాను.

"మీ డ్రైవరు ఇది గోంగూర కాదంటున్నాడే?" అన్నాడాయన.

ఎందుకలా అన్నాడో నన్నే అడగనివ్వమన్నాను. లోపలి నుంచి డ్రైవర్‌ని తీసుకొచ్చారు. ఒక్క రోజులో ముఖం పీక్కుపోయింది.

"అన్నా, గోంగూర కాదని ఎందుకు చెప్పావు?"

"ఏమో మేడం. గొంగూరానా, గొంగూరానా అని ఒక్క తీరుగ గద్దిరిచ్చిన్రు. గాంజాకే ఇంకో పేరేమో అనుకున్న. గది కాదు సాబ్, గిది మా పుంటికూర అని ఒట్టేసి చెప్పిన."

ఆయన ఊళ్ళో గోంగూరను పుంటికూర అంటారు. నా దగ్గర రోజూ గోంగూర అనే మాట వింటూనే ఉన్నాడు పాపం. భయంలో అది ఎక్కడికి పోయిందో! నిజాన్నే తన మాటలో చెప్పాడు, ఆ నిజమే ఆయన్ని అబద్ధాలకోరును చేసింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏడుపే బయటికొచ్చింది.

గోంగూర, పుంటికూర రెండు పేర్లూ ఒకే ఆకువని రాసి సంతకం పెట్టాను. మరి సరైన పేరేదని అధికారి అడిగాడు. రెండూ సరైనవేనన్నాను. నమ్మినట్టు కనబడలేదు. అప్పుడు వ్యవసాయ విభాగం నుంచి ఒక సూడాన్ ఆయన వచ్చాడు. వాడిపోయిన ఆకొకటి తుంచి వాసన చూశాడు. కొన నోట్లో వేసుకున్నాడు. పులుపుకి కన్ను మూసి "కర్కదే!" అన్నాడు. వాళ్ళ ఊళ్ళో ఆ జాతి పువ్వుతో ఎర్రటి షర్బత్ చేస్తారట, దాని ఆకూ ఇలాగే పుల్లగా ఉంటుందట. అధికారి కూడా నవ్వాడు. అయినా పరీక్షకు పంపిన ఆకు ఫలితం వచ్చేదాకా మనిషిని వదలడం కుదరదన్నాడు.

గురువారం పది దాటాక వదిలారు. విమానం రెండున్నరకు. సోనాపూర్ గదిలో వాళ్ళు కట్టి ఉంచిన పెట్టె తీసుకుని ఎయిర్‌పోర్టుకు బయల్దేరాం. దారి పొడుగునా నేను మాట్లాడుతూనే ఉన్నాను. క్షమించమన్నాను, నా బుద్ధి గడ్డి తిందన్నాను. ప్రతి సిగ్నల్ దగ్గరా గడియారం చూశాను.

"జెర ఊకోన్రి మేడం" అన్నాడు చివరికి. "విమానం ఎక్కేదాంక నేను ఎవ్వలతోని మాట్లాడ."

లోపలికి పోయే తలుపు దగ్గర ఆయన పెట్టె కింద పెట్టి తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. టైమవుతోందన్నా అన్నాను. వినలేదు. బట్టలు, టార్చిలైటు, పిల్లకు కొన్న గులాబీ రంగు బ్యాగు ఒక పక్కన పెట్టాడు. ఆ బ్యాగు నిండా ఖర్జూరాలు. ఆ పొట్లాలన్నీ ఒక్కొక్కటే తీసి నా చేతుల్లో పెట్టాడు.

"ఇవి తీసుకెళ్ళొచ్చన్నా. ఏ కాగితమూ అక్కర్లేదు. నాకు తెలుసు, నా పనే అది."

ఆయన నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు, ఉంటే తట్టుకునేదాన్ని.

"మీకు ఎర్కేనని చెప్తేనే గద మేడం మొన్న పోయింది" అన్నాడు.

ఖాళీ బ్యాగు మడతపెట్టి పెట్టెలో అడుగున సర్దాడు. తాళ్ళు బిగించి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల ఖర్జూరాలతో నేను అక్కడే నిలబడ్డాను.