గుంటలో తడి, ఫోనులో వాన

మా ఫోనులో వాన ఎప్పుడూ "కురిసే అవకాశం ఉంది" అనే వస్తుంది. కురుస్తుందని ఒక్కనాడూ గట్టిగా చెప్పదు. కురవదనీ చెప్పదు.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని నేను. మా కోడలు సాయంత్రాలు మా వీధి ఆడవాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి నేర్పింది. మొదట బస్సు బోర్డులు చదివాను. తర్వాత అంగళ్ళ పేర్లు. ఆ తర్వాత ఫోనుకు పొద్దున్నే వచ్చే వాతావరణ కబురు. "జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో అక్కడక్కడా ఉరుములతో కూడిన తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది." మూడు జిల్లాల పేర్లూ ఒకే కొంగు పట్టుకున్న పిల్లల్లా ఎప్పుడూ కలిసే వస్తాయి. మొదట్లో "మోస్తరు" దగ్గర ఊపిరి ఆగేది. ఇప్పుడు ఒక్క గుక్కలో చదువుతాను. వీధికంతా వినబడేలా చదువుతాను. అంత కష్టపడి నేర్చుకుని మనసులో చదువుకోవడానికి నాకేం ఖర్మ?

మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మా ఆయన వింటాడు.

"అవకాశం అంటే ఏందే?"

"పడొచ్చు, పడకపోవచ్చు."

"గట్లయితే నేను గూడ కలెక్టర్ అయ్యే అవకాశం ఉన్నది. కోడలా, వాకిట్ల కారొచ్చిందేమో జర చూడమ్మా."

కోడలు నవ్వు ఆపుకుంటూ లోపలికి పోతుంది. ఆమెది పాన్‌గల్ దగ్గరి పల్లె. ఇటు అత్తకు చదువు చెప్పిన పంతులమ్మ, అటు మామకు కోడలు. ఎవరి వైపూ మాట్లాడదు.

ఆ ఏడు మాత్రం ఈ వాన కబురు నాకు వేళాకోళం కాదు. అందులో నా చీర ఉంది.

పుట్టింది గద్వాలలో, మెట్టింది గద్వాలలో. చిన్నప్పటి నుంచి నూలు కండెలు చుట్టీ చుట్టీ వేళ్ళు కాయలు కాశాయి. మా ఇంటి మగ్గం మీద దిగిన చీరలు ఎన్ని ఊళ్ళ పెళ్ళిళ్ళు చూశాయో నాకు తెలియదు. నా ఒంటి మీదికి మాత్రం ఒక్కటీ రాలేదు. నేసేవాళ్ళ ఇళ్ళలో ఇది మామూలే, ఎవరూ పట్టించుకోరు. పట్టించుకున్నది మా చెల్లెలు. ఆమెను రాజోలిలో వ్యవసాయం చేసే ఇంటికి ఇచ్చారు. ఒకసారి వాళ్ళింట్లో శుభకార్యానికి పోతే అందరి ముందే అడిగింది.

"అక్కా, మీ ఊరి చీర మా ఊరి ఆడోళ్ళందరు గట్టుకున్నరు. నువ్వు చూస్తే అంగట్ల కొన్న పాలిస్టర్ గట్టినవు. మా బావకు మగ్గం లేదా ఏంది?"

మా ఆయన పప్పన్నం కలుపుతున్నవాడు అట్లాగే ఆగిపోయాడు. గద్వాలలో బస్సు దిగాక అన్నాడు: "దాని కొత్తింటి గృహప్రవేశం శ్రావణంల గదా. ఆ పొద్దుకు నీకు చీర."

ఆషాఢం మొదట్లో పడుగు, అంటే చీరల నిలువు పోగులు, సిద్ధమైంది. ఒక పడుగులో కొన్ని చీరలు దిగుతాయి. ముందరివి బయటివాళ్ళవి, ఆఖరుది నాది. పడుగుకు గంజి పట్టించి మగ్గమెక్కించాలి. ఆలస్యమైతే నా చీర శ్రావణానికి దిగదు. ఇప్పుడు చాలామంది గంజి పట్టిన నూలే కొనుక్కుంటున్నారు. మా ఆయనకు అది నచ్చదు. వీధి పొడుగునా పడుగు చాపి, తన చేత్తో గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండకు ఆరితేనే అది నూలంటాడు. ఆరకముందే వాన తగిలితే గంజి కరిగి పోగులు పోగులకు అంటుకుంటాయి. అంత పనీ మట్టిలో కలుస్తుంది.

పడుగు చాపడం ఒక ఇంటి పని కాదు. ఎవరి పడుగైనా వీధంతా వచ్చి చెయ్యి వేస్తుంది. కూలి లేదు, పడుగు వాళ్ళు టీ, బొరుగులు పెట్టాలి. ఇందులో ఒక తిరకాసు ఉంది. జనాన్ని పిలిచి, మబ్బు చూసి పని మానుకున్నా టీ మాత్రం పోయాల్సిందే. అందుకని మా వాకిట్లో పొద్దున్నే పడుగు లేకపోయినా టీకి జనం ఉండేవారు.

వాళ్ళ ముందు మా ఆయన గుంటలోకి కాలు దింపేవాడు. మగ్గం గుంట నేలలోకి ఉంటుంది కదా, వాన వచ్చే ముందు దాని మట్టి చల్లబడి తేమెక్కుతుందని ఆయన లెక్క. వాళ్ళ నాయనా అట్లాగే చూసేవాడట. కాలు దింపి, కళ్ళు మూసుకుని, అరికాలు అటూ ఇటూ రాసి చెప్పేవాడు.

"తడి తగులుతున్నది. పెద్ద వాననే ఉన్నది. ఇయ్యాల వద్దు."

బయట ఎండ పెళపెళలాడేది. నేను ఫోను తెచ్చి చదివితే అక్కడా అవకాశమే. ఫోను, గుంట ఒకే మాట చెప్పాక వీధిలో ఎవరు కాదంటారు? టీ తాగి పోయేవారు. సాయంత్రం దాకా చుక్క పడేది కాదు. మర్నాడు మళ్ళీ కాలు, మళ్ళీ తడి, మళ్ళీ టీ. చక్కెర డబ్బా అడుగు కనబడుతోంది. చీర మాత్రం దారం దగ్గరే ఉంది.

ఇక రాజోలి నుంచి చెల్లెలి ఫోను. వాళ్ళు పత్తి గింజలు పెట్టి మొగులు వైపు చూస్తున్నారు. నేను వాన రావద్దని, ఆమె రావాలని. ఒకే జిల్లాలో ఉండి ఇద్దరం చెరో మొక్కు.

"అక్కా, వాన జాడ ఉన్నదా?"

"మీ బావ కాలికి ఉన్నదంట."

"పైన లేదా?"

"పైన లేదు."

"గట్లయితే ఆ కాలును జర మా చేన్ల పెట్టిపొమ్మను. గింజలన్న మొలుస్తయి."

స్పీకరులో ఉన్న సంగతి నేను మరిచిపోయాను. మా ఆయన విననట్టే మగ్గం మీద నాడె అటూ ఇటూ ఆడించాడు, మామూలు కంటే కొంచెం గట్టిగా.

ఒకరోజు ఆయన అంగడికి పోయినప్పుడు కండె ఒకటి దొర్లి గుంటలో పడింది. తీయడానికి దిగాను. నిజంగానే తడి తగిలింది. అయ్యో, ఆయన మాట నిజమే అనుకుని పక్కకు అడుగు వేస్తే పొడి. మళ్ళీ ఇటు వస్తే తడి. వెనక గోడ వైపు తడి, వీధి వైపు పొడి. ఒక్క మూల నుంచే వచ్చే వాన ఎక్కడైనా ఉంటుందా? గోడ వెనక్కు పోయి చూశాను. అక్కడ మా నల్లా ఉంది. కొత్తగా పైపు అతికించిన చోట నుంచి చిన్నగా, తీరిగ్గా, ఎవరికీ తొందర లేనట్టు నీళ్ళు కారి గోడ అడుగుకు ఇంకుతున్నాయి.

ఆయన వచ్చేసరికి పక్కింటి వదిన కూడా మా వాకిట్లోనే ఉంది. టీ అలవాటైపోయింది పాపం. ఇద్దరినీ వెనక్కు తీసుకుపోయి చూపించాను.

"ఇదిగో, నీ పెద్ద వాన."

మా ఆయన వంగి చూశాడు. వేలు పెట్టి చూశాడు. గోడ ఇవతలికి వచ్చి గుంట చూశాడు. మళ్ళీ అవతలికి పోయాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ ఆగలేదు.

"అన్నా, ఇన్నొద్దులు మమ్మల్ని ఆపింది మొగులు గాదా? మీ నల్లానా?"

"నల్లా గుంటకు అబద్ధమేం చెప్పలే," అన్నాడు ఆయన గంభీరంగా. "నీళ్ళొస్తున్నయన్నది. నీళ్ళొచ్చినయి. తప్పేమున్నది?"

సాయంత్రానికి వీధంతా తెలిసింది. ఎదురైన ప్రతివాడూ "అన్నా, మా ఇంట్ల గూడ వానొస్తున్నది, జర బందు చెయ్యవా" అని నల్లా వైపు చెయ్యి చూపడమే. ఆయనకు రోషం వచ్చింది.

"రేపు పొద్దుగాల పడుగు తీస్తున్నం. కాలు లేదు, ఫోను లేదు. ఎవ్వరు నోరు దెరవొద్దు."

పొద్దున్నే దొడ్లోకి పోయి చదివాను, ఈసారి మాత్రం మనసులోనే. అవకాశం ఉంది. ఫోను కొంగున ముడేసుకుని గంజి కాచాను.

వీధంతా వచ్చింది. వెదురు కర్రలు కత్తెరలా నిలబెట్టి పడుగును ఈ కొస నుంచి ఆ కొసకు చాపారు. మా ఆయన గంజి పట్టిస్తూ ముందు నడిస్తే, వెనక ఇద్దరు కుంచె పట్టి దువ్వుకుంటూ వచ్చారు. మేం ఆడవాళ్ళం అటొకరు ఇటొకరు నిలబడి తెగిన పోగులు అతికాం. ఎండ బాగా కాసింది. ముప్పావు వంతు ఆరింది. వదిన బొరుగులలో ఉల్లిగడ్డ కలుపుతోంది. అప్పుడు పడమటి వైపు నుంచి ఒక్క మబ్బు వచ్చింది, దారి తప్పిన గొర్రె లాగా.

ఎవరూ నోరు తెరవలేదు. తెరవొద్దన్నాడు కదా. అందరి తలలూ మాత్రం పైకి లేచాయి.

వీధి ఆ కొసన చినుకులు పడ్డాయి. దుప్పట్లు, ప్లాస్టిక్ పట్టాలు, చాపలు ఏవి దొరికితే అవి పట్టుకుని ఉరికాం. పడుగుకు తగలకుండా దుప్పటి కొసలు పట్టుకుని పైన పందిరిలా నిలబడ్డాం. మబ్బు ఆ కొసన నాలుగు చినుకులు చిలకరించి, మా తట్టు తిరిగి కూడా చూడకుండా పోయింది. ఈ కొసన ఎండ ఎండలాగే ఉంది. కాసేపటికి పుట్టింటికి ఫోను చేసిన కోడలు వచ్చి మెల్లిగా చెప్పింది: "అత్తమ్మా, పాన్‌గల్ కాడ దంచి కొట్టిందంట." అంటే ఫోను అబద్ధం ఆడలేదు. మూడు జిల్లాలన్నది, ఏ వీధి అని చెప్పలేదు.

మా ఆయన తడిసిన కొసకు పోయి పోగులు వేళ్ళతో తడిమాడు. నా వైపు చూశాడు.

"ఈ కొస ఎవరిదో తెలుసునా?"

తెలుసు. ఆఖరి చీర కొస.

"నీ ఫోను నీ చీర ఒక్కదానికే నిజం జెప్పింది," అన్నాడు.

ఆ చోట మళ్ళీ గంజి పట్టించి, దువ్వి, పొద్దు వాలేదాకా అక్కడే నిలబడి ఆరబెట్టాడు. ముందరి చీరలు సాఫీగా దిగాయి. నాది వచ్చేసరికి పోగులు పటుక్కు పటుక్కు తెగడం మొదలైంది. తెగినప్పుడల్లా ఆగి, వెతికి, ముడేసి, మళ్ళీ నేసేవాడు. నేను కండెలు అందిస్తూ పక్కనే కూర్చున్నాను.

"ఇది గూడ వాన పోగే," అనేవాడు.

"ఇది నల్లా పోగు," అనేదాన్ని. "ఆ ఎండల రోజుల్ల తీసుంటే ఇది తెగుతుండెనా?"

అప్పుడు ఆయన చెయ్యి మరింత జోరుగా ఆడేది.

చీర శ్రావణానికి దిగింది. ఆకుపచ్చ ఒళ్ళు, మామిడిపండు రంగు అంచు. గృహప్రవేశం రోజు పొద్దున్నే ఫోను చూశాను. మా ఆయన గుంటలోకి కాలు దింపాడు. నల్లా బాగు చేయించినా ఆ అలవాటు పోలేదు.

"పొడిగ ఉన్నది. కట్టుకో."

"ఫోను అవకాశం అంటున్నది."

"అదెప్పుడు అనలేదు?"

కట్టుకున్నాను. రాజోలిలో బస్సు దిగి నాలుగు అడుగులు వేశామో లేదో వాన మొదలైంది. అక్కడక్కడా కాదు, మోస్తరు కాదు, మంచి వానే. మా ఆయన భుజం మీది తువ్వాల తీశాడు. నా తల మీద కప్పుతాడనుకుని తల వంచాను. ఆయన దాన్ని నా పైట మీద పరిచాడు.

"నా తల?"

"తల ఆరుతది. ఆ పోగులు మల్ల నేనే అతకాల్నా?"

చెల్లెలు కొత్తింటి గడపలో నిలబడి ఉంది. వానకు ముఖమంతా వెలుగు. తడిసి ముద్దయిన తలతో, పొడి పైటతో వచ్చిన నన్ను పై నుంచి కింది దాకా చూసింది. పోగులు తెగిన సంగతి ఫోనులో చెప్పి ఉన్నాను కదా, అంచు పట్టుకుని వెలుతురుకు పెట్టి, అతుకు కోసం వేలితో వెతికింది. దొరకలేదు. నాకూ దొరకలేదు ఇప్పటివరకు. మా ఆయనకు మాత్రం తెలుసు, ఎక్కడెక్కడో.

"బాగుందక్కా," అంది. బావ వైపు తిరిగింది. "ఇన్నొద్దులు గీ తువ్వాలనే మా చేను మీద కప్పినవా బావా, వాన రాకుండ?"

"నాకేం తెల్వదు," అన్నాడు ఆయన, గడపలో కాళ్ళు కడుక్కుంటూ. "మీ నల్లా ఎట్లున్నది? అతుకు గట్టిగ ఏయించినరా?"