అరిగిన స్క్రూ మామగారు

మామగారు ఏ చోటికీ నేరుగా చేరరు. ముందు దాన్ని దాటిపోతారు, తర్వాత వెనక్కి వస్తారు. భోజనానికి పిలిస్తే తన కుర్చీని దాటి, పక్క కుర్చీని దాటి, గోడకి ముక్కు తగిలేదాకా వెళ్ళి, అక్కణ్ణుంచి తిరిగొచ్చి కూర్చుంటారు. బజారు నుంచి వస్తే సొంత ఇల్లు దాటి ఇంకో రెండిళ్ళు నడిచాకగానీ ఆయనకి వెనక్కి తిరగాలనిపించదు. ఆ రెండో ఇంటి కుక్క మొదట్లో మొరిగేది. ఇప్పుడు ఆయన్ని తమ ఇంటి మనిషి కింద జమకట్టి తోక ఊపుతోంది. మనుషుల దగ్గరికి వచ్చినా ఇదే వరస. దాటిపోయి, తిరిగొచ్చి, ఎడమ పక్కన నిలబడితేనే ఆయనకి మాట పెగులుతుంది.

"ఏంటి మామయ్యా ఇది?" అని ఒకసారి అల్లుడు ఉండబట్టలేక అడిగాడు.

"స్క్రూలో ప్లే ఉంది అల్లుడుగారూ!"

ఎవరి స్క్రూలో అని అల్లుడు అడగలేదు. పెద్దవాళ్ళంటే గౌరవం ఉన్న కుర్రాడు, లోపల్లోపలే అడుక్కున్నాడు.

ఆ స్క్రూ ముందుగదిలో ఉన్న, ఇనుమూ ఇత్తడీ చెక్కే మిల్లింగ్ మిషనుది. ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మామగారు, అందరిలా విశ్రాంతి తీసుకోకుండా, ఎవరో వదిలించుకుంటున్న పాత చిన్న మిషను కొనుక్కొచ్చి, పిడులు పీకేసి, మోటార్లు తగిలించి, కంప్యూటరుతో నడిపే పని పెట్టుకున్నారు. స్క్రూలు బాగా అరిగిపోయాయి. అందుకని ఇటు తిరుగుతున్న స్క్రూని అటు తిప్పితే, అది కాసేపు ఊరికే తిరుగుతుంది, చెక్కే ముక్కని మోసే బల్ల మాత్రం కదలదు. ఆ ఖాళీనే ప్లే అంటారు. దానికి పాతకాలం మందు ఒకటే. ఎక్కడికి చేరాలన్నా కాస్త దాటిపోయి, వెనక్కి వచ్చి, ఎప్పుడూ ఒకే పక్క నుంచి చేరాలి.

"మిషనుకి ఒక నీతి, నాకొక నీతా?" అని మామగారు ఆ నియమాన్ని తన ఒంటికి కూడా బిగించుకున్నారు.

మూడేళ్ళలో ఆ మహాయంత్రం పదకొండు గుండ్రటి బిళ్ళలు తయారు చేసింది. పదకొండూ కోడిగుడ్డు ఆకారంలోనే ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అల్లుడికి ఈ వైభవం చూసి జాలేసింది. కిందటిసారి వచ్చినప్పుడు ప్లే అన్నమాటే లేని కొత్త స్క్రూ తెచ్చిచ్చాడు. మామగారు దాన్ని పసిబిడ్డలా రెండు చేతుల్తో అందుకుని, నూనె రాసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టెలో పడుకోబెట్టి బీరువా మీద పెట్టేశారు.

"బిగించరా మామయ్యా?"

"ఇది బిగిస్తే ఇంక దాటి రావాల్సిన పనే ఉండదు కదా!"

"అందుకే కదా తెచ్చింది!"

"అందుకే కదా వద్దంటున్నది!"

ఆ ఇంటి గోడ మీద అల్లుడి పెళ్ళి ఫొటో ఉంది. అందులో అందరూ స్పష్టంగా ఉంటారు. అత్తగారికి ఎడమ పక్కన మాత్రం ఒక తెల్లటి మసక ఉంటుంది. ఆ మసక పేరు మామగారు. ఫొటోగ్రాఫరు నొక్కే సమయానికి ఆయన ఇంకా దాటి వస్తున్నారు.

అత్తగారు పిల్లలకి వయొలిన్ నేర్పుతారు. ఆ ముందుగదిలోనే, మిషను వదిలిన చోటులో నేర్పుతారు. ఆవిడ దగ్గర కీ ఇస్తే టకటకమని పాటకి తాళం వేసే పెట్టె ఒకటి ఉంది. దాని లోపల ఇత్తడి పళ్ళచక్రం విరిగింది. అలాంటిది బజారులో దొరకదని తేలిన రోజు ఆవిడ ఆఖరి మాట చెప్పేశారు.

"ఆదివారం క్లాసు టైముకి ఆ చక్రం చేసిస్తే మిషను ఉంటుంది. లేకపోతే సోమవారం పాత ఇనుము వాణ్ణి పిలుస్తాను. నాకు పిల్లల్ని నిలబెట్టుకునే చోటు కావాలి, గుడ్లు పెట్టే మిషను కాదు."

మామగారు లేచి, దేన్నీ దాటకుండా, నేరుగా వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆయన నేరుగా నడవడం చూసి ఇంట్లోవాళ్ళకి నిజంగా భయం వేసింది.

పుట్టింట్లో ఉన్న కూతురు ఫోన్ చేస్తే అల్లుడు శనివారం పొద్దున్నే దిగాడు. మిషను పోతే మామగారు ఏమైపోతారో అని అతనికీ బెంగగానే ఉంది. కానీ ఆ బెంగ కంటే తన తెలివి మీద నమ్మకం నాలుగాకులు ఎక్కువ ఉంది.

"ముప్పై ఆరు పళ్ళు మామయ్యా. మిషను వాటిలో సగం ఇటు తిరుగుతూ కోస్తుంది, సగం అటు తిరుగుతూ కోస్తుంది. బోలెడు టైము ఆదా!"

"ఆదా చేసి ఏం చేద్దాం?"

అల్లుడు కంప్యూటరు తెరిచి ప్రోగ్రాము కొట్టడం మొదలుపెట్టాడు.

"మరి ప్లే సంగతి?" అన్నారు మామగారు.

"ఆ ఖాళీ ఎంతో కొలిచి ఒక నంబరు ఇచ్చాను. మిగతాది కంప్యూటరే చూసుకుంటుంది."

కంప్యూటరు చూసుకుంది. రెండు వైపుల నుంచీ వచ్చిన పళ్ళు ఒకచోట ఎదురుపడ్డాయి. మధ్యలో ఒక పన్ను సగమే మిగిలింది.

మామగారు భూతద్దం పెట్టి లెక్కపెట్టారు. "ముప్పై అయిదున్నర. చాలా దగ్గరికొచ్చారు అల్లుడుగారూ."

అల్లుడు నంబరు మార్చాడు. ఈసారి ముప్పై ఆరున్నర వచ్చింది. అరుగుదల అన్నిచోట్లా ఒకేలా ఉండదన్న సంగతి ఆ నంబరుకి ఎవరూ చెప్పలేదు. ఆదివారం తెల్లారేసరికి ఇంట్లో ఒక్క ఇత్తడి బిళ్ళ మిగిలింది, అల్లుడి మొహంలో రంగు మిగల్లేదు.

"ప్రోగ్రాములో ఒక్క వరస మార్చండి బాబూ," అన్నారు మామగారు మెల్లగా. "ప్రతి పన్ను దగ్గరా కాస్త దాటిపోయి, వెనక్కి రమ్మనండి. ఒకే పక్క నుంచి."

అల్లుడు తన చదువుని మనసులోనే క్షమాపణ కోరి, ఆ వరస కొట్టాడు. మిషను అచ్చం మామగారి లాగే ప్రతి పన్నునీ దాటి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చి, కోసింది. నలభై నిమిషాలు పట్టింది. ముప్పై ఆరు పళ్ళూ నిండుగా వచ్చాయి.

అల్లుడు చక్రం పట్టుకుని వరండాలోకి పరిగెత్తాడు. అత్తగారు కుర్చీలో కూర్చుని వయొలిన్ తీగ బిగిస్తున్నారు. కుడి పక్కన నిలబడి, "అత్తయ్యా! వచ్చేసింది!" అన్నాడు. ఆవిడ పలకలేదు. మళ్ళీ అన్నాడు. మూడోసారి కూడా అన్నాడు. ఆవిడ తీగ తిప్పుకుంటూనే ఉన్నారు. బాగా కోపం మీద ఉన్నారనుకుని అల్లుడు రెండడుగులు వెనక్కి వేశాడు.

ఇంతలో మామగారు వచ్చారు. అల్లుణ్ణి దాటి, కుర్చీని దాటి, పూలకుండీని దాటి, వెనక్కి తిరిగొచ్చి, ఆవిడ ఎడమ పక్కన వంగి, "చక్రం వచ్చిందోయ్," అన్నారు మామూలు గొంతుతో.

అత్తగారు చటుక్కున తలెత్తారు. "అయ్యో, నువ్విక్కడికెప్పుడొచ్చావు బాబూ? పలకరించకుండా అలా నిలబడ్డావేం?"

అల్లుడికి తల తిరిగింది. లోపలికొచ్చి గోడ మీద ఫొటో చూశాడు. ఆ ఫొటో తీసి ఆరేళ్ళు. మిషను వచ్చి మూడేళ్ళు.

మామగారు వెనకే వచ్చారు. బీరువా మీది కొత్త స్క్రూ పెట్టెని ఇంకొంచెం లోపలికి తోశారు.

"ఏడేళ్ళయింది అల్లుడుగారూ. కుడి పక్క నుంచి పిలిస్తే మీ అత్తయ్య పలికేది కాదు. కోపం అనుకుని రెండు నెలలు రోజూ క్షమాపణ చెప్పాను. అదీ కుడి పక్క నుంచే!"

"అత్తయ్యకి ఆ చెవి..."

"వినపడదు. సంగీతం టీచరుకి చెవుడంటే పిల్లలు మానేస్తారని ఆవిడ భయం. నాక్కూడా చెప్పలేదు. నాకు తెలుసని ఆవిడకి ఇప్పటికీ తెలీదు. ఎందుకిలా చుట్టూ తిరిగొస్తావని అడిగితే మొదట్లో మోకాలు నొప్పి అన్నాను. డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళి మూడు సూదులు పొడిపించింది. ఇంక లాభం లేదని మిషను కొన్నాను."

"సాకు కోసం మిషను కొన్నారా?"

"వెతికి వెతికి, బాగా అరిగింది కొన్నాను. ఆవిడ ఒక్కదాని దగ్గరే చుట్టూ తిరిగితే అనుమానం రాదూ? అందుకని కుక్క దాకా తిరుగుతున్నాను. పిచ్చి నాదే అనుకోనివ్వండి, నాకేం అరిగిపోతుంది?"

ఇన్నాళ్ళూ లోపల్లోపల నవ్వుకున్నందుకు అల్లుడికి సిగ్గేసింది. మామగారి మీద చెప్పలేనంత ఇష్టం కూడా కలిగింది.

చక్రం పెట్టెలో కుదిరింది. పిల్లలు వచ్చారు. పెట్టె టకటకమని తాళం కొట్టింది. అత్తగారు దాన్ని తన ఎడమ పక్కన పెట్టుకుని, "సరే, ఆ గుడ్ల మిషను ఉండనీ," అని తీర్పిచ్చారు.

క్లాసు మధ్యలో ఆవిడకి మంచినీళ్ళు ఇచ్చి రమ్మంది భార్య. అల్లుడు గ్లాసు పట్టుకుని అత్తగారి కుర్చీని దాటి, పిల్లల్ని దాటి, మిషనుకి మోకాలు కొట్టుకుని, వెనక్కి తిరిగొచ్చి, ఎడమ పక్కన వంగి, "అత్తయ్యా, నీళ్ళు," అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ భార్య నెత్తి కొట్టుకుంది. "మీకూ అంటుకుందా?"

"ప్లే ఉంది," అన్నాడు అల్లుడు మోకాలు రుద్దుకుంటూ.