మల్కాజ్‌గిరి బస్సులో గామా మెరుపు

ఆ సాయంత్రం సికింద్రాబాద్‌లో మల్కాజ్‌గిరి బస్సెక్కాను. పక్క సీట్లో ఒకామె ఫోనులో ఎవరితోనో వాదిస్తోంది.

“ఆకాశంల గామా కిరణాల మెరుపు నిమిషంసేపు ఉన్నదని చెప్పి, పెద్ద నక్షత్రం కూలిందని మన రీసెర్చి పేపర్ల రాసేస్తే ఎట్ల సార్? అట్ల కూలితే అక్కడ నక్షత్రం పేలిన సూపర్‌నోవా వెలుగు కనబడాలె గదా!”

ఈ మెరుపుల గురించి ఎన్నో పుస్తకాలు చదివాను గానీ ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడూ ఊరుకుంటే ఇక ఎప్పటికీ మాట్లాడలేననిపించింది.

“కనబడిందా అక్కా?”

ఆమె గిర్రున నావైపు తిరిగింది. “లేదమ్మా! టెలిస్కోపుతోని వారాల తరబడి చూసినం. అంటే ఏందీ?”

“రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నాయేమో,” అన్నాను.

“విన్నరా సార్? బస్సుల పిల్ల సుత నా దిక్కే!”

నా స్టాపు వచ్చింది. దిగకుండా ఇంకో ప్రశ్న అడిగాను.